బాలింత తలనొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు

కాన్పయిన ఇంట్లో అందరి చూపూ బిడ్డ మీదే ఉంటుంది. తల్లి తలనొప్పి అంటే 'నిద్ర చాలట్లేదు', 'చెవుల్లో గాలి దూరింది' అంటూ దూది పెట్టి, తలకు గుడ్డ కట్టేస్తారు. చాలాసార్లు అది మామూలు నొప్పే. కానీ కొద్దిమందిలో అది మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిందనటానికి తొలి సూచన.

పక్షవాతం అనగానే బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లే గుర్తుకొస్తారు. అది ఎక్కువగా మెదడుకు రక్తాన్ని తీసుకెళ్లే ధమనుల్లో వచ్చే సమస్య. ఇది వేరు. మెదడు నుంచి రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిరల్లో గడ్డ అడ్డుపడుతుంది. తూము మూసుకుపోతే చెరువులో నీరు పెరిగినట్టు మెదడులో ఒత్తిడి, వాపు పెరుగుతాయి. ఒక్కోసారి రక్తస్రావమూ అవుతుంది. దీన్నే సెరిబ్రల్ వీనస్ థ్రాంబోసిస్ అంటాం. ఇది ఎక్కువగా యువతలో, అందులోనూ స్త్రీలలో కనిపిస్తుంది.

కాన్పులో రక్తం ఎక్కువగా పోకుండా గర్భిణుల్లో రక్తం గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది. కాన్పయ్యాక కూడా సుమారు 6 వారాల వరకు ఈ ముప్పు ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గటం, రక్తహీనత, ఇన్‌ఫెక్షన్ తోడైతే మరింత ప్రమాదం. అయినా 'నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది, కుట్లు చీము పడతాయి' అని పథ్యం పేరుతో బాలింతకు గ్లాసులు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ రెండు మాటల్లోనూ నిజం లేదు. పాలిచ్చే తల్లికి నీరు ఇంకా ఎక్కువ కావాలి.

బాలింతలకే కాదు, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవారికీ ఈ ముప్పు ఉంటుంది. వ్రతమనో, పెళ్లి అనో నెలసరి వాయిదాకు మందుల షాపులో సొంతంగా మాత్రలు కొనుక్కోవటమూ మంచిది కాదు. పుట్టుకతో వచ్చే రక్తదోషాలు, చెవి, సైనస్ ఇన్‌ఫెక్షన్లు, మగవారిలో అతిగా మద్యం తాగటం కూడా కారణాలే.

రోజురోజుకూ ఎక్కువవుతూ, పడుకున్నా దగ్గినా పెరిగే తలనొప్పి, వాంతులు, చూపు మసకబారటం, ఫిట్స్, కాలు చేయి బలహీనపడటం, మగత... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మత్తు ఇంజెక్షన్ వల్ల వచ్చే తలనొప్పి సాధారణంగా పడుకుంటే తగ్గుతుంది. తగ్గకపోతే అదే కారణమని సరిపెట్టుకోవద్దు. కాన్పు తర్వాత తలనొప్పికి బీపీ పెరగటమూ కారణం కావొచ్చు, దాన్నీ చూడాలి. ఫిట్స్ వస్తే గాలి సోకిందని మంత్రాలు వేయిస్తూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది.

మామూలు సీటీ స్కాన్‌లో ఈ గడ్డ కొన్నిసార్లు కనిపించదు. ఎమ్మారై, దాంతోపాటు సిరలను చూపే వీనోగ్రామ్ అవసరమవుతుంది. చికిత్సకు హెపారిన్ ఇంజెక్షన్లు, తర్వాత కొన్ని నెలలు రక్తం పలచబరిచే మాత్రలు ఇస్తాం. 'మెదడులో రక్తం చిట్లిందన్నారు, మళ్లీ పలచబరిచే మందా?' అని బంధువులు భయపడతారు. గడ్డ వల్ల అయిన రక్తస్రావమైతే ఆ మందే దారి. బిడ్డకు పాలిస్తున్నారని చెబితే అందుకు తగిన మందే ఎంచుకుంటాం. సకాలంలో చికిత్స అందితే ఎక్కువమంది కోలుకుంటారు.

డిశ్చార్జి కాగితంలో బిడ్డ టీకాల తేదీలతో పాటు తల్లిలో గమనించాల్సిన ఈ లక్షణాలూ రాసివ్వాలి. ఇంటికొచ్చే ఆశా కార్యకర్త బిడ్డ బరువుతో పాటు తల్లి తలనొప్పి గురించీ అడగాలి. ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఇంకా సులువు. దాహమన్నప్పుడల్లా నీళ్లివ్వండి, నొప్పి అంటే నమ్మండి.