మనవాని వెలుగు మన యాసుపత్రులకు రావలదా?

తాండూరు గనులలో నాపరాయి తీయు కూలియైనను, చుట్టుపట్ల కంది పండించు రైతైనను, కాన్సరు సోకెనని విన్నంతనే హైదరాబాదు రైలెక్కవలసినవాడే. నిజాము కాలమున క్షయరోగులు అనంతగిరి గాలి నాశించి వికారాబాదు స్టేషనులో దిగుచుండిరి. నేడు మన రోగులు అదే స్టేషనులో ఎక్కి నగరమునకు పోవుచున్నారు. అంతదూరము పోయి శస్త్రచికిత్సకు నోచుకొన్నవారికైనను ఒక చిక్కు మిగిలియేయున్నది. రోగమున్న తావును స్కానులు ముందుగా చెప్పినను, కోసిన పిమ్మట ఏది కంతియో, ఏది మంచి కండయో తెలియుటకు వైద్యునకు ప్రధానాధారములు తన కన్నులు, తన వ్రేళ్లు. ఆవగింజంత కంతి దాగి మిగిలెనా, రోగము మరల మొలకెత్తవచ్చును.

ఈ చిక్కును కొంత తొలగించు సాధనమొకటి అమెరికాలో వాడుకకు వచ్చినది. అండాశయ కాన్సరులలో అనేకములును, శ్వాసకోశ కాన్సరులలో కొన్నియు, ఫోలిక్ ఆమ్లమును పట్టుకొను గ్రాహకములను తమ కణములపై విస్తారముగా కలిగియుండును. ఆ యామ్లము వంటి యణువునకు వెలుగునిచ్చు రంగు నొకదానిని తగిలించి, కోతకు కొన్ని గంటల ముందు నరమునకెక్కింతురు. ఎరను మ్రింగు చేపవలె కంతి దాని నందుకొనును. ఫోలిక్ ఆమ్లపు మాత్రలు ముందే ఆ గ్రాహకముల నాక్రమింపకుండుటకై, వానిని రెండు దినములు ముందుగా మానవలెనని నియమము. పిమ్మట పరారుణ కాంతిని ప్రసరింపజేయగా ఆ రంగు వెలుగును. ఆ వెలుగును మన కన్నులు చూడజాలవు. కెమెరా చూచి తెరపై చూపును. ఇట్టి ప్రయోగము మనుష్యులపై మొదట నెదర్లాండ్సులోని గ్రోనింగెన్ నగరమున జరిగినట్లు 2011లో ప్రకటింపబడెను. పర్డ్యూ విశ్వవిద్యాలయపు ఫిలిప్ లో పరిశోధననుండి పుట్టిన పాఫోలాసియానిన్ అను మందునకు అమెరికా ప్రభుత్వము 2021లో అండాశయ కాన్సరు విషయమునను, 2022లో శ్వాసకోశ కాన్సరు విషయమునను అనుమతి నొసగెను.

ఆ ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో నిర్మించిన దెవరు? 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధకులకు నాయకుడై, తన బృందముతో 1945లో సాధించిన కార్యమది. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందులకు దొర యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటపడిన మహనీయుడాయన. ఆ యామ్లమునకు విరోధిగా ఆయన బృందము చేసిన మందుతోనే, పసిపిల్లల రక్తకాన్సరును కొంతకాలమైనను అణచగలిగితినని సిడ్నీ ఫార్బరు 1948లో ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావుగారు కన్నుమూసిరి. నేటి యీ వెలుగు ఆయన నాటిన చెట్టునకు కాసిన కాయ.

మేము గారడీని వర్ణించుట లేదు. 134 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో నూటికి సుమారు 27 మందికి, కంటికిని చేతికిని చిక్కని కాన్సరు ఒక్కటైనను బయటపడెను. అదే పరీక్షలో నూటికి సుమారు 20 మందిలో కాన్సరు కానిదియు వెలిగెను. కావున వెలిగినదెల్ల కాన్సరు కాదు. వైద్యుని వివేకమే ప్రమాణము. మరియు ఈ వెలుగు శస్త్రచికిత్స బల్లవరకు వచ్చినవారికే. రోగము ముదురువరకు వైద్యుని ముఖమెరుగని పల్లెటూరి తల్లికి దీనివలన నేమి ఫలము?

అందుచే మేము కోరునవి రెండు. కడుపు ఉబ్బరమును, నొప్పియు విడువక బాధించు స్త్రీలను గ్రామముననే గుర్తించి, జాగు లేక తగిన వైద్యునికడకు పంపు నేర్పాటు మొదటిది. 2023లో వికారాబాదున ప్రారంభమైన ప్రభుత్వ వైద్యకళాశాల ఇందుకు పూనుకొనవలయును. ఈ మందును, దానిని చూపు కెమెరాను మన దేశముననే చేయించి ప్రభుత్వాసుపత్రులకు చేర్చుట రెండవది. ఔషధములకు పేరొందిన హైదరాబాదునకు ఇది అసాధ్యమా? పేటెంటు అడ్డువచ్చెనేని 1970 నాటి పేటెంటు చట్టమున 84వ విభాగము మార్గము చూపుచున్నది. ఆ విభాగము క్రిందనే 2012లో హైదరాబాదు నాట్కో కంపెనీకి సోరాఫెనిబ్ అను కాన్సరు మందు చేయుటకు అనుమతి దొరకెను. నెలకు సుమారు 2,80,000 రూపాయలుండిన వెల 8,880 రూపాయలకు దిగివచ్చెను. చట్టము మూలనుండిన పుస్తకము కాదు, పట్టినవాని చేతి పనిముట్టని ఇది చాటుచున్నది.

ఖద్దరు కట్టినందులకు శిక్షింపబడినవాని విద్య పరదేశమున ఫలించెను. ఆ ఫలము ఆయన జాతి తల్లులకు దక్కకుండుట ఆయనకు మనము విధించు రెండవ శిక్ష. వికారాబాదు, తాండూరు పఠనమందిరముల సోదరులారా! ఈ రెండు కోరికలను తీర్మానములుగా చేసి మీ శాసనసభ్యులకు పంపుడు. బదులు వచ్చువరకు విడువకుడు.