చెక్కు తిరిగివచ్చిన నాటినుండి రోజులు లెక్కపెట్టుకొనవలెను

రాజపాళయం, చత్రపట్టి ప్రాంతములలో నేసిన బ్యాండేజీ గుడ్డ నానా రాష్ట్రముల ఆసుపత్రులకు పోవుచున్నది. సరుకు లారీ ఎక్కిన తరువాత మన చేతికి వచ్చునది మాత్రము చాలసార్లు నెల రెండు నెలల ముందు తేదీ వేసిన చెక్కు. దానిని నమ్మియే నూలు తెచ్చుచున్నాము, కూలి ఇచ్చుచున్నాము. తేదీనాడు బ్యాంకులో వేయగా ‘నిధులు చాలవు’ అను చీటీతో అది వెనుకకు వచ్చినచో, నూలు కొట్టువారి ముందు తలదించుకొనువారు మనవారే గాని చెక్కు వ్రాసిన షావుకారు కాదు.

అప్పుడు మనవారు ఎక్కువమంది చేయునది ఒక్కటే. ఏజెంటుకు ఫోను చేయుదురు. ‘వచ్చే వారం మళ్ళీ వేయండి, డబ్బు పడుతుంది’ అని అతడనును. మరల వేయుదురు, మరల తిరిగివచ్చును. పాత బేరము చెడునేమో అని నోటీసు మాట ఎత్తరు. ఈ మొగమాటమే మన సొమ్మును తినివేయుచున్నదని మా అభిప్రాయము. చట్టము మనపక్షముననే ఉన్నది, కాని అది రోజుల లెక్కమీద నడచును.

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టమునకు చేర్చిన 138వ సెక్షను 1989 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వము సివిలు దావా వేయుటయో, మోసము జరిగినదని రుజువు చేయుటయో తప్ప వేరు దారి లేకుండెను. ఇప్పుడు బాకీకి ఇచ్చిన చెక్కు నిధులు లేక తిరిగివచ్చి, నోటీసు అందినను సొమ్ము ఇయ్యకుండుట నేరము. రెండేండ్ల వరకు జైలు, లేక చెక్కు మొత్తమునకు రెండింతల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. చెల్లింపు ఆపుమని బ్యాంకుకు వ్రాసినంతమాత్రమున, ఖాతా మూసివేసినంతమాత్రమున తప్పించుకొన వీలులేదని సుప్రీంకోర్టు 1998, 1999లలోనే తీర్పు చెప్పినది.

లెక్క ఇది. చెక్కుపై ఉన్న తేదీనుండి మూడు నెలలలోగా దానిని బ్యాంకులో వేయవలెను. తిరిగివచ్చినట్లు బ్యాంకు తెలిపిన నాటినుండి 30 రోజులలో వ్రాతమూలకముగా నోటీసు పంపవలెను. అది అందిన తరువాత షావుకారుకు 15 రోజుల గడువు. అప్పటికిని ఇయ్యనిచో ఆపైన ఒక నెలలోగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు కావలెను. జూన్ 3న బ్యాంకు చీటీ వచ్చినదనుకొందము. జూలై 3 దాటకుండ నోటీసు పోవలెను. అది జూలై 8న అందినచో 23 వరకు ఆగి, ఆగస్టు 23లోగా ఫిర్యాదు వేయవలెను. చెక్కును దాని గడువులో మరల మరల వేయవచ్చునని, కడపటిసారి తిరిగివచ్చుటను బట్టియు కేసు నడచునని 2012లో సుప్రీంకోర్టు చెప్పినమాట నిజమే. అందుచేత ఏజెంటు మాటకు ఒకసారి విలువ ఇయ్యవచ్చును. రెండవసారి ఇయ్యనక్కరలేదు.

నోటీసులో చెక్కు నంబరు, తేదీ, మొత్తము తప్పులేక ఉండవలెను. వడ్డీ, ఖర్చులు అడుగదలచినచో విడిగా చూపవలెను; అన్నియు కలిపి ఒకే అంకె వేసిన నోటీసు కోర్టులో నిలుచుట కష్టము. షావుకారు నడుమ కొంత ఇచ్చినచో మరింత జాగ్రత్త కావలెను. లక్ష రూపాయల చెక్కు ఇచ్చి, తరువాత ముప్పదివేలు మన ఖాతాలో వేసినాడనుకొందము. ఆ ముప్పదివేలు చెక్కుపై జమ వ్రాయక మొత్తము లక్షకు బ్యాంకులో వేసినచో 138 క్రింద నేరము కాదని 2022లో తీర్పు వచ్చినది. మిగిలిన డెబ్బదివేలకు కొత్త చెక్కు వ్రాయించుకొనుట మేలు. రిజిస్టర్డు పోస్టును 2025లో స్పీడు పోస్టులో కలిపివేసిరి గనుక నోటీసును స్పీడు పోస్టులోనే సరియైన చిరునామాకు పంపి రసీదు దాచవలెను. పుచ్చుకొనక తిప్పి పంపినను అందినట్లే భావింతురు.

ముంబయి షావుకారుపై ముంబయిలోనే కేసు వేయవలెనేమో అని కొందరు వెనుదీయుచున్నారు. 2014 నాటి ఒక తీర్పు వలన అట్టి ఇబ్బంది కలిగెను; 2015లో చట్టమును సవరించిరి. చెక్కును మన ఖాతాలో వేసినచో, ఆ ఖాతా ఉన్న శాఖ ఏ కోర్టు పరిధిలోనిదో అక్కడనే కేసు. రాజపాళయం బ్యాంకులో చెక్కు వేసిన నేతగాడు రైలెక్కనక్కరలేదు.

ఇంత ఉన్నను కోర్టు త్వరగా తేల్చునని చెప్పజాలము. 2019 చివరనాటికి దేశమున తేలక నిలిచిన 2.31 కోట్ల క్రిమినలు కేసులలో 35.16 లక్షలు చెక్కు కేసులేనని 2021లో సుప్రీంకోర్టు పేర్కొన్నది. నిందితుడు నేరము ఒప్పుకొననప్పుడు చెక్కు మొత్తములో 20 శాతము వరకు మధ్యంతర పరిహారము ఇప్పించు అధికారము 2018లో మేజిస్ట్రేటుకు వచ్చినది గాని, ఇప్పించి తీరవలెనని లేదు. చిన్న నేతగాని విషయమున దీనిని విధిగా చేయవలెనని మేము కోరుచున్నాము. అంతవరకు మంచి రాజీ దొరికినచో కాదనరాదు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ సివిలు డిక్రీవలెనే అమలగును. ఖాతా ఇంటి స్త్రీల పేర ఉన్నచో, ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము అడుగు హక్కు వారికి కలదు. శ్రీవిల్లిపుత్తూరు జిల్లా కోర్టులో విచారింపవలెను.

ఫిర్యాదు గడువు దాటినను బాకీ పోదు. మూడేండ్లలోగా సివిలు దావా వేయవచ్చును. ఉద్యం రిజిస్ట్రేషను ముందుగానే చేయించుకొన్న మగ్గము యజమానికి 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము ఇంకొక దారి చూపుచున్నది. 45 రోజులకు మించి బాకీ పెట్టిన కొనుగోలుదారు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీని నెలనెలా చక్రవడ్డీగా ఇయ్యవలెను.

ఈ 138వ సెక్షను మనపైనను నడచునని మరువరాదు. నూలు అప్పునకు హామీగా సంతకము మాత్రము చేసిన ఖాళీ చెక్కులు ఇచ్చుట చూచుచున్నాము. అంకెలు ఇతరులు నింపినను, బాకీ లేదని చూపు భారము సంతకము చేసినవానిదేయని 2019లో తీర్పు వచ్చినది. ఇచ్చిన ప్రతి చెక్కు నంబరు పద్దులో వ్రాసికొని, అప్పు తీరిన నాడే దానిని వెనుకకు అడుగవలెను. మనకే నోటీసు వచ్చినచో 15 రోజులలో చెల్లించిన కేసు ఉండదు. బాకీ లేనిచో ఆ మాట వెంటనే వ్రాతమూలకముగా తెలుపవలెను.

చెక్కు తిరిగివచ్చినవారు బ్యాంకు చీటీ, చెక్కు, బిల్లు నకలు, లారీ రసీదు ఒక కవరులో వేసి, చీటీ వచ్చిన తేదీని కవరుమీద పెద్ద అక్షరములతో వ్రాసి, ఆ వారములోనే వకీలు వద్దకు పోవలెను.