మూడు వందల కిలోమీటర్లకు గంటెందుకు?

కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి విజయవాడ పక్కనున్న గన్నవరానికి సూటిగా కొలిస్తే 300 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఆ గీత నల్లమలను దాటి, యర్రగొండపాలెం చుట్టుపక్కల నుంచి నరసరావుపేటకు కొంచెం ఉత్తరంగా సాగి కృష్ణ ఒడ్డుకు చేరుతుంది. నేల మీద అంత సూటి దారి లేదు. ఆత్మకూరు, దోర్నాల మధ్య ఘాట్ రోడ్డు పులుల అభయారణ్యంలోది. రాత్రిపూట వాహనాలను వదలరు. కారులో ఆరేడు గంటలు పడుతుంది.

2025 జులైలో ఈ రెండు ఊళ్ల మధ్య విమానం మొదలైంది. తిరిగేది ఏటీఆర్-72, రెండు పంకాల చిన్న విమానం. దాని వేగం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు. లెక్క ప్రకారం 36 నిమిషాల్లో దిగిపోవాలి. టైమ్‌టేబుల్ మాత్రం గంట పైనే చూపిస్తుంది.

విమాన సంస్థలు చూపేది గాలిలో ఉండే సమయం కాదు. చక్రాల కింద అడ్డంగా పెట్టిన చెక్కలు తీసిన క్షణం నుంచి, అవతలి ఊళ్లో మళ్లీ పెట్టేదాకా పట్టే సమయం. దీన్నే బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే చివరికి వెళ్లడం, అనుమతి కోసం ఆగడం, దిగాక స్టాండుకు చేరడం అన్నీ ఇందులోవే. గాలిలోనూ పూర్తి వేగం దారంతా ఉండదు. ఎక్కేటప్పుడు వేగం తక్కువ. ఇంత చిన్న దారిలో పైకి చేరిన కాసేపటికే దిగడం మొదలవుతుంది. రన్‌వేకు ఎదురుగా రావడానికి ఒక్కోసారి చుట్టు తిరగాలి. గాలివాటం ప్రభావం మాత్రం జనం అనుకున్నంత లేదు: గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి వీచినా పెరిగేది నాలుగు నిమిషాలే.

అందుకే దూరం రెట్టింపైతే ప్రయాణం రెట్టింపు కాదు. 600 కిలోమీటర్లకు ఇదే విమానానికి మరో 36 నిమిషాలు కలిపితే చాలు. ఈ అదనపు సమయం బాగా తగ్గిన ఉదాహరణ స్కాట్లాండ్‌లోని ఆర్క్‌నీ దీవుల్లో ఉంది. వెస్ట్రే, పాపా వెస్ట్రేల మధ్య 2.7 కిలోమీటర్లే. అక్కడి టైమ్‌టేబుల్లో రెండు నిమిషాలు. గాలి కలిసొచ్చి 53 సెకన్లలో దిగిన రికార్డూ ఉంది. చిన్న ఐలాండర్ విమానం, రద్దీ లేని రన్‌వేలు కనుకే అది సాధ్యం.

ప్రయాణికుడి లెక్క వేరు. కర్నూలు నుంచి ఓర్వకల్లుకు అరగంట, విమానాశ్రయంలో గంటకు పైగా నిరీక్షణ, ఎగిరే గంట, సామాను అందుకోవడం, గన్నవరం నుంచి బెజవాడ నడిబొడ్డుకు ట్రాఫిక్‌లో ముప్పావు గంట. మొత్తం నాలుగు గంటల దాకా. కారు కంటే మేలే, కానీ ఆ మేలు విమానం రోజూ ఉన్నప్పుడే దక్కుతుంది. వారంలో కొన్ని రోజులే తిరిగే సర్వీసులో, అదీ మధ్యాహ్నం వేళ అయితే, పని చూసుకుని అదే రోజు తిరిగిరావడం కుదరదు. లాడ్జిలో ఓ రాత్రి తప్పదు. ఇలాంటి దారుల్లో వేగమైన విమానం కంటే ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి నడపడమే ఎక్కువ సమయం మిగులుస్తుంది.