మంటలోంచి పుట్టిన ‘స్మార్ట్’

స్మార్ట్‌ఫోన్, స్మార్ట్ టీవీ, స్మార్ట్ కార్డు... ఈ మాట వినపడని ఇల్లు లేదిప్పుడు. లెక్కలు టకటకా చేసే పిల్ల స్మార్ట్. ఇస్త్రీ చొక్కా వేసుకుని నీటుగా తయారైన కుర్రాడూ స్మార్టే. కానీ ఈ మాటకు మొదటి అర్థం తెలివీ కాదు, అందమూ కాదు. మంట!

పాత ఇంగ్లిష్‌లో ‘స్మెయోర్టన్’ అంటే నొప్పెట్టడం, భగ్గున మండటం. జర్మన్లు నొప్పిని ‘ష్మెర్ట్స్’ అంటారు. రెండూ ఒక తల్లి పిల్లలే. పొగకు కళ్లు మండితే ‘మై ఐస్ ఆర్ స్మార్టింగ్’ అనడం ఇంగ్లిష్‌లో నేటికీ ఉంది. అవమానంతో లోలోపల రగిలిపోవడానికీ ఇదే మాట వాడతారు.

మరి మంట కాస్తా తెలివి ఎలా అయింది? చురుక్కుమనే దెబ్బలో వేగం ఉంటుంది, పదును ఉంటుంది. ఆ వేగం, పదును దెబ్బ నుంచి మాటకూ, మాట నుంచి మనిషికీ పాకాయి. 17వ శతాబ్దానికి తెలివైనవాళ్లు, 18వ శతాబ్దానికి నీటుగా ముస్తాబయ్యేవాళ్లు స్మార్ట్ అనిపించుకున్నారు. 20వ శతాబ్దంలో ఆ పేరు యంత్రాలకూ దక్కింది.

మన తెలుగూ అచ్చంగా ఇదే దారిలో నడిచింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు వేసవిలో ఎండ చురుక్కుమంటుంది. బడిలో పిల్ల చురుగ్గా ఉంటుంది. గుచ్చుకునేలా ఒక మాటంటే ‘చురక అంటించాడు’ అంటాం. మంటా తెలివీ రెండూ ఆ చురుకులోనే ఉన్నాయి.

ఈ రెండు అర్థాలూ ఒక్కచోట కలిసిన ఘట్టం ఆ ప్రాంతపు చరిత్రలోనే ఉంది. సురవరం ప్రతాపరెడ్డి సొంతూరు ఇటిక్యాలపాడు ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోది. ఆయన 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని, అంటే సున్నా అని, ఒకరు రాశారు. ఆ మాట తెలంగాణవారికి చురుక్కుమంది. గద్వాల, వనపర్తి, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురం రాజధానిగా ఉన్న జటప్రోలు... ఈ సంస్థానాలన్నీ కవి పండితులను పోషించినవే కదా!

ప్రతాపరెడ్డి తిట్టుకు తిట్టు బదులివ్వలేదు. ఊరూరా ఉన్న కవుల వివరాలు, పద్యాలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. అందులో 354 మంది కవులున్నారు! సున్నా అన్నవారికి అంకెతోనే జవాబు. 1952 ఎన్నికల్లో ఆయనను వనపర్తి ఓటర్లు హైదరాబాద్ శాసనసభకు పంపారు.

మాట తగిలినప్పుడు పుట్టే మంట స్మార్ట్. ఆ మంటను పనిలో పెట్టడం కూడా స్మార్టే. ఇంట్లో పిల్లలు ఈ మాటకు అర్థం అడిగితే ఫోను ఒక్కటే చూపించకండి. ఈ కథ కూడా చెప్పండి.