మూత వేసిన బాకా

మా పక్కవాటాలో పెళ్ళిళ్ళకు బ్యాండు వాయించే కుటుంబం వుంది. వాళ్ళబ్బాయి ట్రంపెట్ సాధన చేస్తాడు. పోయిన నెల మా అమ్మకు జ్వరం. నా బల్లమీద పరీక్షపేపర్ల కట్టలు. రాత్రి తొమ్మిదింటికి గోడ అవతల బాకా లేచేసరికి వుండబట్టలేక వెళ్ళి, "కాస్త దాని గొంతు నొక్కవోయ్!" అన్నాను. కుర్రాడు తలవంచుకున్నాడు. మర్నాటినించి ఆ యింట చడీచప్పుడూ లేదు.

జ్వరం తగ్గింది. పేపర్లూ అయిపోయాయి. "ఆ అబ్బాయి వాయించటం లేదేమిరా?" అంది అమ్మ. బతుకుతెరువు నేర్చుకుంటున్న పిల్లవాడి నోరు మూయించాను గదా అని నాకు నిద్ర పట్టలేదు.

పుస్తకాలు తిరగేశాను. బాకాకు మూత పెట్టడం పాత సంగతే. దాన్ని మ్యూట్ అంటారు. 1607లో ఇటలీలో మాంటెవెర్డీ తన 'ఓర్ఫెయో' సంగీతనాటకంలోనే, మూతపెట్టి వూదితే మొదటి వాద్యభాగం ఒక మెట్టు పైశ్రుతిలో నడవాలని సూచించాడు.

మూత చప్పుడు తగ్గించటమే కాదు, గొంతునే మారుస్తుంది. మామూలు మూత బాకా నోట్లో దూర్చే గరాటు వంటిది. అంచున బెండుముక్కలు; వాటి సందుల్లోంచి గాలి పోతుంది. కిందినాదాలు అణిగి, పైనాదాలు తేలి, పలుకు సన్నగా పదునెక్కుతుంది. 1920లలో అమెరికాలో డ్యూక్ ఎల్లింగ్‌టన్ బృందంలోని బబ్బర్ మైలీ, తూములు బాగుచేసే రబ్బరు గిన్నెను అడ్డుపెడుతూ తీస్తూ ట్రంపెట్‌ను మనిషిలా మాట్లాడించాడు. 1950లలో మైల్స్ డేవిస్ హార్మన్ మూతకు మధ్యగొట్టం వూడదీసి, మైకుకు దగ్గరగా వాయించాడు. చెవిలో రహస్యం చెప్పినట్టుంటుంది. మన ఆలంకారికులు 'కాకువు' అన్నది యిదే కాబోలు: మాట ఒకటే, గొంతు మారితే భావం మారుతుంది.

ఇంట్లో సాధనకు వేరే మూతలున్నాయి. అవి గాలికి సన్నదారి మాత్రమే వదులుతాయి. ఒకటి కొని కుర్రాడి చేతిలో పెట్టాను. మొహం వెలిగింది గాని, కాస్త నసిగాడు.

"ఇది పెడితే వూపిరి ఎదురుతంతుంది, మాస్టారూ. శ్రుతీ మారుతుంది. రోజూ కాసేపైనా మూత తీసి వాయించకపోతే వూరేగింపులో గొంతు లేవదంటాడు నాన్న."

అంచేత ఒప్పందం చేసుకున్నాం. రాత్రిళ్ళు బాకాకు మూత. సాయంత్రం ఆరునించి ఏడువరకు మూత నా నోటికి!