రహీం సాబు అడిగిన కానుక

మొన్న ఉప్పల్‌లో క్రికెట్ మాచ్ జరిగింది. ఉప్పల్‌లో మాచ్ అంటే నాచారంలో వుండే మాబోటి వాళ్ళకు పక్కింటి పెళ్ళి లాంటిది. పిలుపు వుండదు గాని సందడి మాత్రం తప్పదు. హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా రోడ్డు నిండా కార్లు, స్కూటర్లు, ముఖాలకు రంగులు పూసుకున్న కుర్రాళ్ళు. మెట్రో రైలుకు 'స్టేడియం' అని ఏకంగా ఒక స్టేషనే వుంది కదా! కరివేపాకు కోసం బజారుకు వెళ్ళిన నేను గంటన్నరకు గాని యిల్లు చేరలేకపోయాను.

చేరేసరికి యింట్లో పంచాయితీ జరుగుతోంది.

ముద్దాయి మా మనవడు. వాడికి పన్నెండేళ్ళు. వూరు వూరంతా క్రికెట్టు చూస్తూవుంటే వీడు మాత్రం పారిశ్రామికవాడలో మూతపడిన ఒక షెడ్డు గోడకు ఫుట్‌బాల్ తంతూ పొద్దు పుచ్చాడట. బూటు ముందు నోరు తెరుచుకుంది. ఆరు నెలల్లో అది మూడో జత.

"ఆడితే క్రికెట్టన్నా ఆడు. కూతవేటు దూరంలో అంత స్టేడియం వుంది. ఈ ఫుట్‌బాల్ ఏమిట్రా? మన వూళ్ళో ఎవరాడారది? రేపటినుంచి ఆ బంతి అటక మీద వుంటుంది" అంటున్నాడు మా అబ్బాయి.

"మామయ్యగారూ, మీరైనా చెప్పండి. వాడు అన్నం మానేసి కూర్చున్నాడు" అన్నది కోడలు. ఎవరికి చెప్పాలో మాత్రం చెప్పలేదు. తండ్రికో, కొడుక్కో!

బూట్ల ఖరీదు గురించి నేనేమీ అనదలచుకోలేదు. సంసారం చేసేవాడికి ఆ బాధ తెలుసు. కాని 'మన వూళ్ళో ఎవరాడారు' అన్న మాట మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది. మా వాడు హైదరాబాదులోనే పుట్టాడు, యిక్కడే యింజనీరయ్యాడు. ఆ మాట అన్నాడంటే తప్పు వాడిది కాదు, చెప్పని నాది. అందుకని కంచాలు పెట్టించి, తండ్రినీ కొడుకునూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక బడిపంతులు కథ చెప్పాను. వాళ్ళకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, ఆ జట్టులో ఆడారు. తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పాఠాలు చెప్పుకుంటూ, వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా సంపాదించారు. వూళ్ళో అందరికీ ఆయన 'రహీం సాబు'. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1963లో కన్నుమూసేదాకా ఆ బాధ్యత ఆయనదే. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు కూడా అయ్యారు. ఇంచుమించు అప్పుడే భారత జట్టు కూడా ఆయన చేతికి వచ్చింది.

అంటే ఒకే మనిషి సంఘం కార్యదర్శి, జట్టు శిక్షకుడు. మనలో చాలామందిమి కార్యదర్శి పదవి దొరికితే ముందు కుర్చీకి కొత్త గుడ్డ వేయిస్తాం, తర్వాత దండ వేయించుకుంటాం. రహీం సాబు ఆ పదవితో పిల్లలకు పందేలు పెట్టించారు. అవి ఎటువంటి పందేలో వింటే మీకు నవ్వు వస్తుంది. ఒక పందెంలో బంతిని కాలితో మలుపులు తిప్పుతూ ఒంటరిగా దూసుకుపోకూడదు, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకొక పందెంలో అలవాటైన కాలు వాడకూడదు, చేతకాని కాలితోనే తన్నాలి.

ఇక్కడ మా మనవడు ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "ఎందుకు తాతయ్యా?" అన్నాడు. అన్నం మానేసినవాడు తినడం మొదలుపెట్టినందుకు కోడలు నావైపు కృతజ్ఞతగా చూసింది.

ఎందుకంటే, శిక్షకుడుగా ఆయన మైదానంలో ఒక లోటు చూశారు. మన పిల్లలకు ఒంటరి గారడీ వచ్చు, కలిసి ఆడడం రాదు. కుడికాలు వచ్చు, ఎడమకాలు రాదు. ఉపన్యాసంతో అది తీరేది కాదు. కార్యదర్శిగా ఆ లోటు తీర్చే పందేన్ని ఆయనే ఏర్పాటు చేశారు. మైదానంలో కనబడిన జబ్బుకు ఆఫీసులో మందు నూరారన్నమాట. ఈ రెండు పనులూ వేరువేరు మనుషుల చేతిలో వుండి, వాళ్ళిద్దరికీ మాటలు లేకపోతే ఏమవుతుందో మన దేశంలో ఆటలు చూసేవారికి నేను చెప్పనక్కరలేదు.

ఫలితం? బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును హైదరాబాదు పోలీసులు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు తెచ్చుకున్నారు. కలకత్తా వాళ్ళకే సొంతమనుకున్న ఆటలో మన కానిస్టేబుళ్ళు కలకత్తా వాళ్ళను నిలబెట్టేశారు.

భారత జట్టు సంగతి అంత సాఫీగా సాగలేదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచాం. ఇక మనంతవారు లేరనుకుని మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్ళాం. అక్కడ యుగొస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయాం. ఆ చలిలో మనవాళ్ళలో చాలామంది వుత్తకాళ్ళతో ఆడారు మరి!

ఇంకొకరైతే ఆ అవమానంతో ఇంటిదారి పట్టేవారు. రహీం సాబు పాఠం చెప్పే మనిషి కనుక, తాను పాఠం నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు. కాళ్ళకు బూట్లు వచ్చాయి. ఆట పద్ధతి మారింది. నాలుగేళ్ళ తర్వాత 1956లో మెల్‌బోర్న్‌లో, ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదనే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఆ ఒలింపిక్స్‌లో మనకు నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మనం అంతకుమించి వెళ్ళలేదు.

ఆ జట్టులో ఇరవయ్యేళ్ళ కుర్రాడొకడున్నాడు, తులసీదాస్ బలరాం. వాడిది ఏ వూరనుకున్నారు? అమ్ముగూడ. మా నాచారం నుంచి మల్లాపూర్, మౌలాలి దాటి వెళితే వస్తుంది. తమిళం మాట్లాడే పేద కుటుంబం. ఆట చూసి రహీం సాబు రమ్మన్నారు. రోజూ వూళ్ళోకి రావడానికి కుర్రాడి దగ్గర డబ్బేదీ? సైకిలు అద్దె రహీం సాబే యిచ్చేవారని బలరాం పెద్దయ్యాక చెప్పుకున్నారు. బలరాం 2023లో పోయారు. మేమున్న చోటుకు అంత దగ్గరలో పుట్టి, రెండు ఒలింపిక్స్ ఆడిన మనిషి పేరు మా యింట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

సాయం చేయడం ఒక ఎత్తు, పక్షపాతం లేకపోవడం ఇంకొక ఎత్తు. రహీం సాబు కొడుకు హకీం కూడా ఆటగాడే. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఆయన పేరుంది. కాని తండ్రి శిక్షకుడుగా వున్న ఆ జట్టులో కొడుకు ఒక్క మాచ్‌లోనూ మైదానంలోకి దిగలేదు.

ఇక 1962. అప్పుడు నాకు పదేళ్ళు. జకార్తాలో ఆసియా క్రీడలు. ఇండొనీషియా వాళ్ళు ఇజ్రాయెలునూ తైవానునూ రానివ్వలేదు. అలాగైతే వీటిని ఆసియా క్రీడలనడం ఎట్లా అని మన దేశపు క్రీడాప్రముఖుడు జి. డి. సోంధి అడిగారు. దానితో అక్కడి జనం మనమీద మండిపడ్డారు. మన రాయబార కార్యాలయం మీదికి గుంపులు వెళ్ళాయి. మన జట్టు కనబడితే చాలు, కేకలు, ఈలలు.

మైదానంలో కూడా అపశకునమే. మొదటి మాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. జర్నేల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. గోలు కాసే తంగరాజుకు జ్వరం. పైగా ఎవరికీ తెలియని జబ్బు ఇంకొకటి వుంది. ఊపిరితిత్తుల కాన్సరు అప్పటికే రహీం సాబును లోపలినుంచి తినేస్తున్నది.

థాయిలాండు మీద, జపాను మీద గెలిచాం. సెమీ ఫైనల్‌లో రహీం సాబు ఒక పని చేశారు. వెనక నిలబడి కాపాడే జర్నేల్ సింగ్‌ను, తలకు కట్టుతోనే, ముందుకు పంపి గోల్స్ కొట్టమన్నారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. ఫైనల్‌లో మళ్ళీ అదే దక్షిణ కొరియా.

ఆ ముందు రోజు రాత్రి ఆయన కుర్రాళ్ళను కూర్చోబెట్టుకుని తనకొక కానుక కావాలని అడిగారట. రేపు మీరు బంగారు పతకం గెలవాలి, అంతే నాకు కావలసిందన్నారట. పి. కె. బెనర్జీ ఈ సంగతి తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు.

సెప్టెంబరు 4న ఆట. దాదాపు లక్షమంది జనం, అందరూ మనకు వ్యతిరేకమే. మన వైపు అరిచింది పాకిస్తాను హాకీ జట్టు వాళ్ళేనని చెబుతారు. మొదటి ఇరవై నిమిషాలలోనే బెనర్జీ ఒకటి, జర్నేల్ సింగ్ ఒకటి గోల్స్ కొట్టారు. కొరియా వాళ్ళు చివరలో ఒకటి తీర్చుకున్నారు. 2-1. బంగారు పతకం మనది. తలకు కుట్లున్నవాడు, జ్వరం తగిలినవాడు, అందరూ కలిసి మేష్టారి కానుక చెల్లించేశారు.

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీం సాబు వెళ్ళిపోయారు. ఆయనకు యాభై మూడేళ్ళు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత బంగారం రాలేదు. ఆయన పెంచిన వూరు కొంతకాలం నిలబడింది. 1970లో కంచు పతకం గెలిచిన జట్టుకు నాయకుడు హైదరాబాదు వాడే, నయీముద్దీన్. తర్వాత పందేలు తగ్గాయి, మైదానాలు తగ్గాయి, తెలిసినవాళ్ళు తగ్గారు. ఇక తండ్రులు 'మన వూళ్ళో ఎవరాడారు' అనడంలో ఆశ్చర్యమేముంది? 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది కనుక ఆ పేరు కొందరికన్నా చెవిన పడింది.

కథ అయ్యేసరికి కంచంలో చెయ్యి ఎండిపోయింది. మా అబ్బాయి ఏమీ అనలేదు. వాడు ఏమీ అనలేదంటే ఆలోచిస్తున్నాడని అర్థం. నేనూ రెట్టించలేదు. పిల్లవాడు బలరాం అవుతాడని నేను హామీ యివ్వలేను. అవకపోవడమే ఎక్కువగా జరిగే పని. లెక్కలు చదవాలి, ఫీజులు కట్టాలి, అవన్నీ నిజమే. కాని సైకిలు అద్దె యిచ్చే మేష్టారు ప్రతి కుర్రాడికీ దొరకడు. దొరకనప్పుడు ఆ అద్దె ఎవరివ్వాలి అన్నదే ప్రతి యింట్లోనూ ప్రశ్న.

మర్నాడు పొద్దున్నే ఆరింటికి వసారాలో చప్పుడైతే లేచి చూశాను. తండ్రి, కొడుకు గుమ్మంలో కూర్చున్నారు. బూటు నోటికి జిగురు పూసి, దారంతో కట్టి నొక్కిపట్టుకున్నాడు మా వాడు.

"ఒరే, నీకు ఏ కాలు చేతకాదు?" అని అడిగాడు.

"ఎడమది నాన్నా."

"అయితే ఈ నెలంతా ఎడమకాలితోనే ఆడు. కుడి బూటు కొన్నాళ్ళు మన్నుతుంది!"

రహీం సాబు పాఠం మా యింట్లో ఈ విధంగా, పొదుపు మార్గంలో ప్రవేశించింది. ఏ మార్గమైతేనేం, బంతి మాత్రం అటక ఎక్కలేదు.