పక్కింటి పెరడు అడవిలా మారితే ఎవరిని అడగాలి?

పక్కింటికి తాళం. యజమాని అమెరికాలో ఉంటారు. పెరట్లో పిచ్చిమొక్కలు గోడెత్తు పెరిగాయి, చెట్టు కొమ్మలు మీ డాబా మీదికి వంగాయి. దోమలు సరేసరి, వానాకాలంలో పాముల భయం కూడా. ఫిర్యాదు చేస్తే ‘అది ప్రైవేటు స్థలం’ అన్న జవాబు. మరి దారేది?

చట్టం చూసేది మొక్కలు ఎంత ఎత్తు పెరిగాయని కాదు, వాటివల్ల చుట్టుపక్కల వారికి ప్రమాదం ఉందా అని. మీ ఫిర్యాదులోనూ ఆ ప్రమాదమే స్పష్టంగా కనిపించాలి.

దోమలు పెరుగుతుంటే?
డెంగీ దోమ గుడ్లు పెట్టేది పొదల్లో కాదు, నీళ్లు నిలిచే చోట. పగిలిన కుండీ, పాత టైరు, కొబ్బరి చిప్ప చాలు. వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. అందుకే పొదల ఫొటోతో పాటు నిలిచిన నీళ్ల ఫొటో కూడా జతచేయండి. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ హెల్ప్‌లైన్ 040-21111111కు, ఏపీ పట్టణాల్లో పురమిత్ర యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

కొమ్మలు మీవైపు వస్తే?
ముందు యజమానికి చెప్పండి. స్పందన లేకపోతే మీ హద్దులోకి వచ్చినంత మేర కొమ్మను మీ వైపు నుంచే కోసుకోవచ్చు. గోడ దూకి కోయడం, పొదలకు నిప్పు పెట్టడం చేస్తే కేసు మీ మీదికే వస్తుంది. చెట్టు మొత్తం నరకాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. కొమ్మలు కరెంటు తీగలకు తగులుతుంటే మీరు ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేయండి.

చెట్టు కూలేలా ఉంటే?
ఆర్డీవోకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. బీఎన్ఎస్ఎస్ 152వ సెక్షన్ (పాత సీఆర్పీసీ 133) కింద, ప్రమాదకరమైన చెట్టును తొలగించాలని, అభ్యంతరముంటే వచ్చి చెప్పుకోవాలని యజమానిని ఆదేశించే అధికారం ఉంది.

యజమాని ఎవరో తెలియకపోతే?
రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ప్లాటు నంబరు, సర్వే నంబరుతో ఈసీ వెతకండి. ఎవరి నుంచి ఎవరికి అమ్మకం జరిగిందో అందులో కనిపిస్తుంది.

పని కాకుండానే ఫిర్యాదు మూసేస్తే?
పాత ఫిర్యాదు నంబరుతో సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లండి. తెలంగాణలో ప్రజావాణి, ఏపీలో పీజీఆర్ఎస్ ఆ రోజే జరుగుతాయి. అర్జీ మీద వీధిలో నలుగురైదుగురి సంతకాలు పెట్టించండి. ఒక్కరే వెళ్తే ఇరుగుపొరుగు గొడవ అనుకుంటారు. వీధంతా అడిగితే అది ప్రజల సమస్య అవుతుంది.